తొలి కెప్టెన్ తెలుగువాడే: కల్నల్ సి.కె. నాయుడు జీవిత విశేషాలు



మన ఇందల్వాయి మీదుగా పోయే జాతీయ రహదారి పట్టుకొని ఉత్తరం దిక్కుగా సాగిపోతే నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగపూర్ వస్తుంది. పత్తి లారీలు, కమలాపండ్ల లారీలు వచ్చే ఆ నాగపూర్ లోనే ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన కుర్రవాడు భారతదేశ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ అయ్యాడు. ఆయన పేరు కొట్టారి కనకయ్య నాయుడు. దేశమంతా ఆయనను సి.కె. అని పిలుచుకుంది. ఈ రోజు ఏ హాస్టల్ గ్రౌండులో చూసినా మన పిల్లల చేతిలో క్రికెట్ బ్యాటు కనబడుతుంది. సచిన్, ధోనీ, కోహ్లీల గురించి అడిగితే పరుగుల లెక్కలతో సహా చెబుతారు. వారందరికంటే ముందు దారి వేసిన వ్యక్తి మాత్రం చాలామందికి తెలియడు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని క్లుప్తంగా పరిచయం చేస్తున్నాను.

జననం - బాల్యం

సి.కె. నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్ లో జన్మించాడు. వారి పూర్వీకులు మచిలీపట్నం ప్రాంతం వారని చెబుతారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్ లో పేరున్న న్యాయవాది, భూస్వామి. కాంగ్రెస్ తొలినాళ్ల నాయకుల్లో ఒకరు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో చదివి వచ్చి న్యాయవాది అయ్యాడు. తరువాత హోల్కర్ సంస్థానంలో హైకోర్టు న్యాయమూర్తిగా కూడా పనిచేశాడు.

ఈ వివరాలు ముందే ఎందుకు చెబుతున్నానంటే, సి.కె. పేదరికం నుంచి వచ్చినవాడు కాడు. బ్యాటు, బంతి, మంచి బడి, ఆడుకోవడానికి సమయం ఆయనకు చిన్నప్పుడే దొరికాయి. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు అందరినీ గుడిసెలో పుట్టించడం మనకు అలవాటు. అది సరికాదు. అయితే సి.కె. కలిగినవాడే అయినా ఆ కాలంలో కెప్టెన్ కావడానికి ఆ కలిమి సరిపోలేదు. ఆయన పోటీ పడవలసింది రాజులతో, మహారాజులతో. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

చిన్నతనంలోనే సి.కె. బడి జట్టులో చేరాడు. నాగపూర్ లోని హిస్లాప్ పాఠశాల జట్టుకు కెప్టెన్ గా ఉన్నాడు. మనిషి ఆరడుగుల పైన ఎత్తు, సన్నని దృఢమైన శరీరం. క్రికెట్ ఒక్కటే కాదు, హాకీ, ఫుట్ బాల్ ఆడేవాడు, పరుగు పందేలలో పాల్గొనేవాడు. బ్యాటింగ్ చేసేవాడు, మీడియం పేస్ బౌలింగ్ వేసేవాడు, మైదానంలో బంతిని వేటాడి పట్టేవాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే నూటికి నూరుపాళ్లు ఆల్ రౌండర్.

మతాల పేరుతో జట్లు

ఆనాటి క్రికెట్ గురించి రెండు మాటలు తెలుసుకోవాలి. అప్పట్లో రంజీ ట్రోఫీ లేదు, ఐపీఎల్ ఊసే లేదు. దేశంలో అన్నిటికంటే పెద్ద టోర్నమెంటు బొంబాయిలో జరిగే క్వాడ్రాంగులర్. అందులో నాలుగు జట్లు: యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు. 1937లో మిగిలినవారి కోసం ఐదో జట్టు చేరడంతో అది పెంటాంగులర్ అయ్యింది. మతాలవారీగా జట్లు ఉండటాన్ని గాంధీజీ లాంటి పెద్దలు వ్యతిరేకించారు. చివరికి 1946లో ఆ పోటీలు ఆగిపోయాయి.

సి.కె. 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి మ్యాచ్ ఆడాడు.  జట్టు 79 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకొని కష్టాల్లో ఉన్నప్పుడు తొమ్మిదో బ్యాట్స్ మన్ గా దిగాడు. మూడు బంతులు జాగ్రత్తగా ఆడాడు. నాలుగో బంతిని సిక్సర్ కొట్టాడు. పెద్ద క్రికెట్ లో ఆయన పరుగుల ఖాతా అలా సిక్సర్ తో మొదలైంది.

ఇక్కడ మన హాస్టల్ విద్యార్థులు తప్పక గుర్తుపెట్టుకోవలసిన మరొక పేరు ఉంది. అదే హిందూ జట్టులో పల్వంకర్ బాలూ అనే గొప్ప స్పిన్ బౌలర్ ఉండేవాడు. ఆయన దళితుడు. పూణేలో తెల్లవారి క్లబ్బులో పిచ్ చదును చేసే పనివాడుగా చేరి, ఆంగ్ల అధికారులకు ప్రాక్టీసు కోసం బంతులు వేస్తూ బౌలింగ్ నేర్చుకున్నాడు. 1911లో ఇంగ్లాండు వెళ్లిన భారత జట్టులో ఆడి ఆ ఒక్క పర్యటనలోనే 114 వికెట్లు తీశాడు. మైదానంలో ఆయన వేసిన బంతిని అందరూ తాకేవారు. ఆట మధ్యలో టీ తాగే వేళకు మాత్రం ఆయనకు బయట వేరుగా మట్టి ముంతలో ఇచ్చేవారు. అంతటి బౌలర్ అయినా హిందూ జట్టుకు కెప్టెన్ చేయలేదు. 1920లో కెప్టెన్సీ విషయంలో జరిగిన అన్యాయానికి నిరసనగా ఆయన సోదరులు జట్టు నుంచి తప్పుకున్న తరువాత గాని ఆయనకు వైస్ కెప్టెన్ హోదా దక్కలేదు. మూడేళ్ల తరువాత 1923లో ఆయన తమ్ముడు పల్వంకర్ విఠల్ హిందూ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు జట్టు టోర్నమెంటు గెలిచింది.

బాలూ ఆట చివరి దశలో ఉండగా సి.కె. ఆట మొదలైంది. ఒకే జట్టు, ఒకే మైదానం. ఒకరికి పుట్టుక అడుగడుగునా అడ్డుపడింది. మరొకరికి అది కొంత దూరం దాకా దారి ఇచ్చింది. సి.కె. కథ చదివేటప్పుడు పక్కన బాలూ కథ కూడా పెట్టుకొని చదవాలి. అప్పుడే ఆ కాలం పూర్తిగా అర్థమవుతుంది.

ఇండోర్ ప్రయాణం

1923లో ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ సి.కె.ను తమ సంస్థానానికి ఆహ్వానించాడు. సైన్యంలో ఉద్యోగం ఇచ్చాడు. ఆ ఉద్యోగంలోనే పైకి ఎదిగి సి.కె. కల్నల్ అయ్యాడు. ఆయన పేరు ముందు కల్నల్ అనే మాట అలా వచ్చింది.

ఈ రోజుల్లో క్రికెటర్లకు బోర్డు కోట్ల రూపాయల కాంట్రాక్టులు ఇస్తుంది. ఆ రోజుల్లో మన దేశంలో ఆట మీద బతకడం అసాధ్యం. ఏదో ఒక సంస్థానంలో రాజుగారి ఆశ్రయం దొరికితేనే ఆటగాడికి నెల గడిచేది. ఆట బాగున్నా ఆశ్రయం దొరకక మట్టిలో కలిసిపోయినవారు ఎందరో ఉంటారు. సి.కె.కు హోల్కర్ ఆశ్రయం దొరికింది. ఆయన ఆ అవకాశాన్ని వృథా చేసుకోలేదు. తరువాత తాను ఎదగడమే కాక ఇంకెందరికో అదే నీడ కల్పించాడు.

ఒక్క రోజులో దేశమంతా మారుమోగిన పేరు

1926లో ఇంగ్లాండు నుంచి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్. మారిస్ టేట్ వంటి పేరుమోసిన బౌలర్లు ఆ జట్టులో ఉన్నారు. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో వారికి మ్యాచ్. ముందుగా ఎం.సి.సి. 363 పరుగులు చేసింది.

డిసెంబర్ 1న సి.కె. బ్యాటింగ్ కు దిగాడు. ఆ తరువాత రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. అంటే 118 పరుగులు బౌండరీల ద్వారానే వచ్చాయి. బంతి మైదానం దాటి చుట్టూ ఉన్న డేరాల మీద, ఇళ్ల వైపు పడుతుంటే జనం కేరింతలు కొట్టారు. వార్త తెలిసి ఆఫీసుల నుంచి, దుకాణాల నుంచి మనుషులు మైదానానికి పరుగెత్తుకొచ్చారని చెప్పుకుంటారు. చుట్టుపక్కల చెట్లు, మేడలు జనంతో నిండిపోయాయట. హిందూ జట్టు 356 పరుగులు చేసింది. ఆ ఆటకు మెచ్చి ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఒక విషయం గమనించండి. ఆ మ్యాచ్ జరిగిన బొంబాయి జింఖానా క్లబ్బులో అప్పటికి భారతీయులకు సభ్యత్వం లేదు. తెల్లవారు కూర్చునే ఆ క్లబ్బు ముందరే ఒక తెలుగు కుర్రవాడు తెల్లవారి బౌలర్లను ఉతికి ఆరేశాడు. దేశం ఇంకా బానిసత్వంలో ఉన్న ఆ రోజుల్లో ఆ సిక్సర్లు చూసినవారికి అవి ఆటకంటే ఎక్కువగా కనిపించాయంటే ఆశ్చర్యం లేదు.

భారత జట్టు టెస్టు క్రికెట్ ఆడగలదన్న నమ్మకం ఆ పర్యటనతోనే బలపడింది. రెండేళ్ల తరువాత 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది.

లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు

1932లో భారత జట్టు ఇంగ్లాండు పర్యటనకు బయలుదేరింది. ఇక కెప్టెన్ ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. ఆటలో చూస్తే సి.కె.ను మించినవాడు లేడు. కాని జట్టుకు నాయకుడు రాజవంశంవాడే ఉండాలని పెద్దల పట్టుదల. సంస్థానాల రాజులే ఆటకు డబ్బు పెట్టేవారు కనుక వారి మాటే చెల్లేది. మొదట పాటియాలా మహారాజు పేరు అనుకున్నారు, ఆయన రాలేదు. చివరికి పోర్బందర్ మహారాజును కెప్టెన్ గా, లింబ్డి యువరాజు ఘనశ్యాంసింహ్ జీని వైస్ కెప్టెన్ గా ప్రకటించారు.

పోర్బందర్ మహారాజు మంచి మనిషి, కాని మంచి ఆటగాడు కాడు. ఆ పర్యటనలోని ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో ఆయన చేసినవి మొత్తం రెండే రెండు పరుగులు. తన శక్తి తనకు తెలిసిన ఆ మహారాజు టెస్టు మ్యాచ్ దగ్గరకు వచ్చేసరికి తప్పుకొని హుందాగా పక్కన నిలబడ్డాడు. లింబ్డి యువరాజుకు గాయమైంది. అలా సి.కె. నాయుడు భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్ అయ్యాడు. రాజు కాని మనిషి కింద ఆడటానికి జట్టులోనే కొందరు ఇష్టపడలేదని, పైనుంచి గట్టిగా చెప్పాక గాని దారికి రాలేదని ఆ నాటి చరిత్ర రాసినవారు చెబుతారు.

1932 జూన్ 25న లండన్ లోని లార్డ్స్ మైదానంలో ఆ టెస్టు మొదలైంది. ఇంగ్లాండు కెప్టెన్ డగ్లస్ జార్డిన్. ఆట మొదలైన కాసేపటికే మైదానం నిశ్శబ్దమైపోయింది. మహమ్మద్ నిస్సార్ వేగానికి ఇద్దరు ఓపెనర్లు బౌల్డ్ అయ్యారు, మరొకరు రనౌట్ అయ్యారు. ఇంగ్లాండు స్కోరు 19 పరుగులకు 3 వికెట్లు. మొదటి టెస్టు ఆడుతున్న జట్టు ఇంత గట్టిగా ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోలేదు. తరువాత జార్డిన్ నిలబడి ఆడటంతో ఇంగ్లాండు 259 పరుగులు చేసింది.

ఫీల్డింగ్ లో సి.కె. చేతికి దెబ్బ తగిలింది. ఆ చేతితోనే బ్యాటింగ్ చేసి మొదటి ఇన్నింగ్స్ లో 40 పరుగులు చేశాడు. జట్టు మొత్తంలో అదే ఎక్కువ స్కోరు. భారత్ 189, 187 పరుగులు చేసి 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడిపోయినా భారత జట్టును ఇక ఎవరూ తేలిగ్గా తీసిపారేయలేకపోయారు.

ఆ పర్యటన మొత్తంలో సి.కె. ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు, 32 సిక్సర్లు కొట్టాడు. లార్డ్స్ లోనే ఎం.సి.సి. జట్టు మీద 118 పరుగులు చేసి నాటౌట్ గా నిలిచాడు. బర్మింగ్ హామ్ లో వార్విక్ షైర్ మీద ఆడుతూ కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రే నది అవతల పడిందట. ఆ నదే రెండు కౌంటీలకు సరిహద్దు కనుక ఒక జిల్లాలో కొట్టిన బంతి పక్క జిల్లాలో పడిందని జనం సరదాగా చెప్పుకున్నారు. మన లెక్కలో చెప్పాలంటే గోదావరికి ఇటు బాసర వంతెన దగ్గర నిజామాబాద్ జిల్లాలో కొడితే అటు నిర్మల్ జిల్లాలో పడ్డట్టు!

మరుసటి ఏడాది, 1933లో, విజ్డెన్ అనే క్రికెట్ వార్షిక గ్రంథం ఆయనను ఆ సంవత్సరపు ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచుకుంది. అంతకుముందు ఆ గౌరవం పొందిన రంజిత్ సింహ్ జీ, దులీప్ సింహ్ జీ, పటౌడీ నవాబు ఇంగ్లాండులో ఆడి పేరు తెచ్చుకున్నవారు. భారత జట్టు తరఫున ఆడి ఆ గౌరవం అందుకున్న మొదటివాడు సి.కె.

సొంతగడ్డ మీద తొలి టెస్టు

1933 డిసెంబర్ 15న మన దేశంలో మొదటి టెస్టు మ్యాచ్ బొంబాయి జింఖానాలో మొదలైంది. మళ్లీ జార్డిన్ జట్టే. ఏడేళ్ల క్రితం 11 సిక్సర్లు కొట్టిన అదే మైదానంలో సి.కె. భారత కెప్టెన్ గా దిగాడు. రెండో ఇన్నింగ్స్ లో తొలి టెస్టు ఆడుతున్న లాలా అమర్ నాథ్ 118 పరుగులు చేశాడు. భారత్ తరఫున టెస్టుల్లో అదే మొదటి సెంచరీ. రెండో వైపు నిలబడి కుర్రవాడికి ధైర్యం చెబుతూ సి.కె. 67 పరుగులు చేశాడు. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. మ్యాచ్ ఓడిపోయాము. కలకత్తా టెస్టు డ్రా అయింది, మద్రాసు టెస్టు కూడా ఓడిపోయాము. మొత్తం నాలుగు టెస్టులకు సి.కె. కెప్టెన్ గా ఉన్నాడు. ఒక్కటీ గెలవలేదు. కాని ఆయన తరువాత వచ్చినవారు గెలవడానికి కావలసిన జట్టు అప్పుడే తయారవడం మొదలైంది.

కెప్టెన్సీ పోయింది

1936లో మళ్లీ ఇంగ్లాండు పర్యటన వచ్చింది. ఈసారి కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. మనవైపు రాజవంశమే, కాని నివాసం కాశీలో. ఆటకు డబ్బు బాగా ఖర్చు పెట్టినవాడు. బోర్డులో పలుకుబడి ఉన్నవాడు. ఆటగాడుగా మాత్రం ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులే. నాలుగేళ్ల క్రితం పోర్బందర్ మహారాజు చేసిన పని ఆయన చేయలేదు. పక్కకు తప్పుకోకుండా మూడు టెస్టులూ తానే కెప్టెన్ గా ఉన్నాడు.

జట్టు రెండుగా చీలిపోయింది. లాలా అమర్ నాథ్ ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపించేశారు. సి.కె.ను అందరి ముందు అవమానించినందుకే ఒక ఆటగాడికి చివరి టెస్టులో చోటు దక్కిందని కూడా క్రికెట్ చరిత్రలో ప్రచారంలో ఉంది. దేశానికి తొలి కెప్టెన్ అయిన మనిషి, 40 ఏళ్ల వయసులో, తనకంటే ఎంతో తక్కువ ఆటగాడి కింద మామూలు ఆటగాడుగా ఆడవలసి వచ్చింది.

ఓవల్ మైదానంలో ఆఖరి టెస్టు. రెండో ఇన్నింగ్స్ లో ఇంగ్లాండు కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన బంతి సి.కె. శరీరానికి గట్టిగా తగిలింది. నొప్పి భరిస్తూనే ఆయన క్రీజు వదలలేదు. 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆయన చివరి టెస్టు కూడా అదే. మొత్తం 7 టెస్టుల్లో 350 పరుగులు, 9 వికెట్లు. ఈ లెక్క చూసి ఇంతేనా అనిపించవచ్చు. భారత్ మొదటి టెస్టు ఆడేనాటికే ఆయనకు 36 ఏళ్లు నిండాయని మరిచిపోకూడదు. ఆటలో ఆయన మేటి సంవత్సరాలు గడిచిపోయేవరకు దేశానికి టెస్టు మ్యాచే లేదు.

హోల్కర్ జట్టు గురువు

టెస్టు ఆట ముగిసింది కాని సి.కె. ఆట ముగియలేదు. ఆయన జీవితంలో ఎక్కువ ఫలితం ఇచ్చిన భాగం ఆ తరువాతదే అని నా అభిప్రాయం.

1934-35లో రంజీ ట్రోఫీ మొదలైంది. ఇండోర్ లో హోల్కర్ జట్టును సి.కె. తన చేతులతో తయారు చేశాడు. ఇండోర్ కుర్రవాడు ముస్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తించి చేరదీశాడు. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టర్ లో సెంచరీ చేసి, విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. సి.టి. సర్వతే, హీరాలాల్ గైక్వాడ్, బి.బి. నింబాల్కర్, సొంత తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ జట్టులో ఆడారు. సి.ఎస్. కూడా 11 టెస్టులు ఆడిన లెగ్ స్పిన్నర్. ఏ మతం, ఏ ప్రాంతం అన్న తేడా లేని జట్టు అది. బొంబాయిలో మతాలవారీగా పోటీలు జరుగుతున్న రోజుల్లోనే ఇండోర్ లో హిందువులు, ముస్లింలు ఒకే కెప్టెన్ కింద ఒకే జట్టుగా ఆడారు.

14 ఏళ్ల కాలంలో హోల్కర్ జట్టు 10 సార్లు రంజీ ఫైనల్ చేరింది. 1945-46, 1947-48, 1950-51, 1952-53లో నాలుగు సార్లు ట్రోఫీ గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద సి.కె. 200 పరుగులు చేశాడు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు నిండాయి.

క్రమశిక్షణలో ఆయన చాలా కఠినుడు. ప్రాక్టీసుకు ఆలస్యం కాకూడదు, శరీరం బరువెక్కకూడదు. బంతి తగిలితే ఆ చోట చేత్తో రుద్దుకోవడం కూడా ఆయనకు నచ్చేది కాదని ఆయనతో ఆడినవారు చెప్పుకున్నారు. నొప్పి ఉన్నట్టు బౌలర్ కు తెలియకూడదన్నది ఆయన పద్ధతి. ఈ నియమం ఇతరులకే పెట్టలేదు. 1951-52లో బొంబాయి జట్టుతో ఆడుతున్నప్పుడు దత్తూ ఫడ్కర్ వేసిన బౌన్సర్ ఆయన నోటికి తగిలి పళ్లు ఊడిపోయాయి. ఆ రోజుల్లో హెల్మెట్ లేదు. ఆయన వయసు 56. పళ్లు పక్కన పడేసి, రక్తం తుడుచుకొని ఆట కొనసాగించాడు. అర్ధసెంచరీ దాటి పరుగులు చేశాడు.

తెలుగు నేలతో అనుబంధం

పుట్టింది నాగపూర్ లో, స్థిరపడింది ఇండోర్ లో అయినా తెలుగు గడ్డతో ఆయనకు సంబంధం తెగిపోలేదు. 1930-31లో సికింద్రాబాద్ లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీల్లో ఆడాడు. హైదరాబాద్ తరఫున కూడా బరిలో దిగాడు. 1953లో మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. కొత్త జట్టుకు పెద్ద దిక్కుగా 58 ఏళ్ల సి.కె. వచ్చి నిలబడ్డాడు. దేశపు తొలి జట్టుకు అండగా నిలిచినవాడే తెలుగువారి కొత్త జట్టుకూ అండగా నిలిచాడు.

61 ఏళ్ల రంజీ ఆటగాడు

1956-57లో ఆయన ఉత్తరప్రదేశ్ తరఫున ఆడాడు. 61 ఏళ్ల వయసులో తన చివరి రంజీ ఇన్నింగ్స్ లో 52 పరుగులు చేశాడు. మనవళ్ల వయసు ఆటగాళ్లతో సమానంగా పరుగెత్తాడు. 1963-64లో ఒక సహాయ నిధి మ్యాచ్ లో చివరిసారి ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడేనాటికి ఆయనకు 68 ఏళ్లు. 1916 నుంచి లెక్కపెడితే ఆరు దశాబ్దాలను తాకిన ఆట అది. మొత్తం 207 ఫస్ట్ క్లాస్ మ్యాచులు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు.

ఆట మానిన తరువాత సెలక్టరుగా, క్రికెట్ నిర్వాహకుడుగా, రేడియో వ్యాఖ్యాతగా సేవలందించాడు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి సత్కరించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. 1941లోనే ఒక టానిక్ ప్రకటనకు ఆయన బొమ్మ వాడుకున్నారు. ఇప్పుడు టీవీలో క్రికెటర్లు చేసే ప్రకటనలన్నిటికీ అదే మొదలు అని చెబుతారు.

1967 నవంబర్ 14న ఇండోర్ లో సి.కె. నాయుడు కన్నుమూశాడు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు కళాశాల అధ్యాపకురాలిగా పనిచేస్తూ, మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళల్లో ఒకరుగా పేరు తెచ్చుకుంది. తండ్రి జీవితం గురించి పుస్తకం కూడా రాసింది. ఆమె 2021లో మరణించింది. భారత క్రికెట్ బోర్డు 1994 నుంచి ఇస్తున్న జీవిత సాఫల్య పురస్కారానికి సి.కె. నాయుడు పేరే పెట్టారు. దానిని మొదట అందుకున్నది లాలా అమర్ నాథ్. బొంబాయిలో ఎవరి పక్కన నిలబడి తన తొలి సెంచరీ చేశాడో ఆయన పేరు మీది పురస్కారమే చివరికి ఆ శిష్యుడి చేతికి వచ్చింది. యువ క్రికెటర్ల కోసం జరిగే అండర్-23 జాతీయ టోర్నమెంటు కూడా సి.కె. నాయుడు ట్రోఫీయే.

మనం నేర్చుకోవలసింది

సోదరులారా, సి.కె. నాయుడు జీవితంలో సిక్సర్లు ఎంత ముఖ్యమో 1932, 1936 సంవత్సరాలూ అంతే ముఖ్యం. ఒకసారి అర్హతను గుర్తించారు, నాలుగేళ్లు తిరగకముందే పక్కన పెట్టారు. కెప్టెన్సీ ఇచ్చినప్పుడు ఆయన పొంగిపోయి ఆగిపోలేదు, తీసేసినప్పుడు అలిగి బ్యాటు పారేయలేదు. ఓవల్ లో దెబ్బ తిని 81 పరుగులు చేసి తన జవాబు తాను చెప్పాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆడి ఒక గొప్ప జట్టును తయారు చేశాడు. పదవి ఇతరులు ఇస్తారు, ఇతరులే తీసేస్తారు. నేర్చుకున్న పని మాత్రం ఎవరూ తీసేయలేరు.

అలాగని కష్టపడితే చాలు, అన్నీ అవే వస్తాయని చెప్పడం కూడా నిజం కాదు. సి.కె.కు హోల్కర్ నీడ ఉంది. పల్వంకర్ బాలూకు ఏ నీడా లేదు. ప్రతిభ రెండు చోట్లా ఉంది, చోటు మాత్రం ఒకరికే సులభంగా దొరికింది. అందుకే ఈ దేశంలో రాజుల ఆశ్రయం స్థానంలో ప్రభుత్వ పాఠశాలలు, హాస్టళ్లు, క్రీడా పాఠశాలలు రావడం అంత పెద్ద విషయం. మన హాస్టల్లో దొరికే పూట భోజనం, పడుకునే చోటు, పుస్తకాలు, సాయంత్రం ఆడుకునే గ్రౌండు ఎవరి దయా కాదు. మన ముందు తరాలు పోరాడి తెచ్చిన హక్కు. మన పక్కనే సిరికొండ మండలం పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా ఉండగానే 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. చోటు దొరికితే మన పిల్లలు ఎంత ఎత్తుకు పోగలరో చెప్పడానికి దూరం పోనక్కరలేదు.

మీలో అందరూ క్రికెటర్లు కాకపోవచ్చు. ఒకరు ఉపాధ్యాయుడు కావచ్చు, ఒకరు పోలీసు ఉద్యోగంలో చేరవచ్చు, ఒకరు వ్యవసాయం చేయవచ్చు. ఏ పని చేసినా 61 ఏళ్ల వయసులో ప్యాడ్లు కట్టుకొని క్రీజులోకి నడిచిన ఆ పెద్దమనిషిని గుర్తు చేసుకోండి. మీరు పైకి వచ్చినప్పుడు ముస్తాక్ అలీని చేరదీసినట్టు మీ వెనుక వచ్చే ఒక తమ్ముడిని చేరదీయండి. పూర్వ విద్యార్థులుగా మేము ఈ హాస్టల్ కు ఇవ్వగలిగినది కూడా అదే. ఈ ఏడు మన గ్రౌండుకు రెండు మంచి బ్యాట్లు, ఒక కిట్ తెచ్చిపెట్టే బాధ్యత మాలో ఎవరైనా తీసుకుంటే, సి.కె. నాయుడు గురించి ఇన్ని పేజీలు రాసినదానికి ఫలితం దక్కినట్టే.